సర్వర్ మనదే... హక్కు ఎవరిది?

* 2026 అక్టోబరు, 2027 జనవరి గడువులతో పాత సర్వర్లకు ముగియనున్న భద్రత
* మారదామంటే అడుగడుగునా సాంకేతిక చిక్కులు
* ఒప్పందంలో రాయించుకోని హక్కు చట్టంలో దొరికేది కొంతే

హైదరాబాద్: మీసేవ కేంద్రంలోనో, తహసీల్దారు కార్యాలయంలోనో, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలోనో 'సర్వర్ డౌన్' అన్న సమాధానం విని వెనుదిరగని వారు తెలుగు జిల్లాల్లో అరుదు. విద్యుత్తు కోత, నెట్‌వర్కు వైఫల్యం, దరఖాస్తుదారుల రద్దీ... కారణం ఏదైనా కావచ్చు. ఈ మాట వెనుక సామాన్యునికి కనిపించని మరో ప్రశ్న కూడా దాగి ఉంది. ఆ సర్వర్‌పై నడిచే సాఫ్ట్‌వేర్ ఎవరిది? దానిని మరమ్మతు చేసే, మార్చే, మరో చోటికి తరలించే హక్కు కార్యాలయానికి ఉందా? ప్రజాధనం చెల్లించి కొన్నది వస్తువునా, లేక షరతులతో కూడిన వాడుక అనుమతినా?

పత్రాలు చూస్తే సమాధానం స్పష్టమే. కొన్నది అనుమతి మాత్రమే. ఆ అనుమతికి హద్దులు గీసేది అమ్మిన సంస్థ. హద్దు దాటి బయటకు వచ్చేందుకు భారతీయ చట్టం కొన్ని దారులు చూపినా, అవి ఇరుకైనవి. సాంకేతికంగా ఒకదానితో మరొకటి పొసగని కారణంగా ఆ దారులు కూడా ఆచరణలో మూసుకుపోతున్నాయి. భూమి పట్టా, జనన ధ్రువపత్రం, పింఛను జాబితా వంటి ప్రజల బతుకు పత్రాలన్నీ కంప్యూటరుకు ఎక్కిన తరుణంలో ఇది సాంకేతిక నిపుణులకే పరిమితమైన చర్చ కాదు.

సాఫ్ట్‌వేర్‌లో రెండు తీరులు

బ్రౌజర్ అడిగిన పేజీని వెతికి పంపే సాఫ్ట్‌వేరే వెబ్ సర్వర్. వీటిలో రెండు తీరులున్నాయి. 1995లో వెలువడిన అపాచీ, 2004లో వెలువడిన ఇంజిన్‌ఎక్స్ వంటివి ఓపెన్ సోర్స్ తరహావి. వీటి సోర్స్ కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు, ఏ యంత్రంపైనైనా నడుపుకోవచ్చు. రెండో తీరు ప్రొప్రయిటరీ. ఒకే సంస్థ యాజమాన్యంలో ఉండి, సోర్స్ కోడ్ బయటికి రాని సాఫ్ట్‌వేర్ ఇది. మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్, వాడుకలో ఐఐఎస్, ఈ కోవలో ప్రధానమైనది. దీనిని విడిగా కొనే వీలు లేదు. విండోస్‌లో అంతర్భాగంగా వస్తుంది. విండోస్ సర్వర్ 2003తో ఐఐఎస్ 6.0, 2008తో 7.0, 2012తో 8.0 వచ్చాయి. 2016 నుంచి 10.0 కొనసాగుతోంది. కనుక ఆపరేటింగ్ సిస్టమ్ ఆయుష్షు తీరితే వెబ్ సర్వర్ ఆయుష్షూ తీరినట్టే.

ప్రొప్రయిటరీ సాఫ్ట్‌వేర్ కొనడమే తప్పని దీని అర్థం కాదు. తక్కువ సిబ్బందితో, అలవాటైన పరికరాలతో త్వరగా పని ప్రారంభించేందుకు అది అనేక కార్యాలయాలకు ఉపకరించింది. చిక్కు కొనడంలో లేదు. కొన్న నాడు బయటపడే మార్గం గురించి ఆలోచించకపోవడంలో ఉంది.

కోడ్ ఒక్కటే, లైసెన్సులు రెండు

లైసెన్సు షరతు మార్కెట్‌ను ఎలా శాసిస్తుందో చెప్పే ఘటన 1996లోనే జరిగింది. అప్పట్లో విండోస్ ఎన్‌టీ 4.0 రెండు రూపాల్లో వెలువడింది. తక్కువ ధర కలిగినది వర్క్‌స్టేషన్, ఎక్కువ ధర కలిగినది సర్వర్. ఐఐఎస్ సర్వర్ రూపంతో ఉచితంగా వచ్చేది. నెట్‌స్కేప్, ఒ'రైలీ వంటి సంస్థల వెబ్ సర్వర్లు మాత్రం చవకైన వర్క్‌స్టేషన్‌పై కూడా నడిచేవి. ఈ దశలో వర్క్‌స్టేషన్‌కు పది నిమిషాల వ్యవధిలో పది చిరునామాల నుంచి మించి అనుసంధానాలు రాకుండా పరిమితి విధించేందుకు మైక్రోసాఫ్ట్ ఉపక్రమించింది. నిరసనలు వెల్లువెత్తడంతో సాఫ్ట్‌వేర్‌లోని సాంకేతిక పరిమితిని తొలగించింది. లైసెన్సులోని షరతును మాత్రం అట్టే పెట్టింది.

అంటే యంత్రం చేయగలదు, కానీ చేయరాదు. రెండు రూపాల అంతర్భాగం దాదాపు ఒక్కటేనని ఒ'రైలీ సంస్థ అదే ఏడాది సెప్టెంబరులో విశ్లేషణ వెలువరించడం గమనార్హం. నెట్‌స్కేప్ ఈ వ్యవహారాన్ని అమెరికా న్యాయశాఖ దృష్టికి తీసుకువెళ్లింది. పోటీదారు ఉత్పత్తిని అడ్డుకునేందుకు సాంకేతిక గోడ కట్టనక్కర లేదని, లైసెన్సు పత్రంలో ఒక్క వాక్యం చాలునని ఈ ఉదంతం చాటింది.

కొలమానాలు కూడా సంస్థ ఇష్టానుసారమే మారుతుంటాయి. విండోస్ సర్వర్ 2012 లైసెన్సును ప్రాసెసర్ల లెక్కన ఇచ్చారు. 2016 రూపం నుంచి ప్రాసెసర్‌లోని కోర్ల లెక్కన, ఒక్కో సర్వర్‌కు కనీసం 16 కోర్లకు, లైసెన్సు తీసుకోవాల్సి వచ్చింది. పాత బడ్జెట్ అంచనాతో కొత్త కొనుగోలుకు వెళ్లిన కార్యాలయానికి లెక్కలు తప్పడంలో ఆశ్చర్యం లేదు.

తరుముకొస్తున్న గడువులు

మైక్రోసాఫ్ట్ ప్రకటించిన కాలపట్టిక ప్రకారం విండోస్ సర్వర్ 2003కు 2015 జులై 14తో, 2008కు 2020 జనవరి 14తో, 2012కు 2023 అక్టోబరు 10తో మద్దతు ముగిసింది. 2012 రూపానికి అదనపు రుసుము చెల్లించి పొందే భద్రతా సవరణల గడువు 2026 అక్టోబరు 13. విండోస్ సర్వర్ 2016కు సాధారణ గడువు 2027 జనవరి 12. ఆ తేదీల తరువాత సర్వర్ ఆగిపోదు. లోపం బయటపడితే సరిచేసే వారు మాత్రం ఉండరు.

ఈ ప్రమాదం ఊహాజనితం కాదు. 2001 జులైలో 'కోడ్ రెడ్' అనే వార్మ్ ఐఐఎస్‌లోని లోపం ఆధారంగా 14 గంటల్లోపే మూడున్నర లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. లోపాన్ని సరిచేసే సవరణ నెల రోజుల ముందే అందుబాటులో ఉంది. వేయించుకోని వారే బాధితులయ్యారు. 2017 మార్చిలో ఐఐఎస్ 6.0లో మరో తీవ్రమైన లోపం బహిర్గతమైంది. అప్పటికి విండోస్ సర్వర్ 2003కు మద్దతు ముగిసి ఏడాదిన్నర దాటింది. మినహాయింపుగా సవరణ జూన్‌లో వచ్చింది. సోర్స్ కోడ్ చేతిలో లేనందున ఆ మూడు నెలలూ వినియోగదారులు తమ సర్వర్‌ను తాము బాగుచేసుకోలేకపోయారు.

పొడిగింపు సవరణల తీరు కూడా పరిశీలించదగినదే. సొంత గదిలో సర్వర్ ఉంచుకున్న వారు వీటికి ఏటా రుసుము చెల్లించాలి. అదే సర్వర్‌ను మైక్రోసాఫ్ట్ వారి అజూర్ క్లౌడ్‌కు తరలిస్తే అవి ఉచితం. పాత బంధం సడలే వేళ కొత్త బంధానికి ఆహ్వానం పలికే ఏర్పాటిది.

వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించింది. నియమావళి 2025 నవంబరులో వెలువడింది. పౌరుల వివరాలు సేకరించే సంస్థలు సముచిత భద్రతా చర్యలు తీసుకోవాలని చట్టం నిర్దేశిస్తోంది. విఫలమైతే జరిమానా గరిష్ఠంగా రూ.250 కోట్ల వరకు ఉండవచ్చు. నిబంధనలను దశలవారీగా అమల్లోకి తెస్తున్నారు. మద్దతు ముగిసిన సర్వర్‌పై పౌరుల వివరాలు ఉంచడం సముచిత భద్రత అనిపించుకుంటుందా అన్నది సంస్థలు ముందుగానే ఆలోచించుకోవాల్సిన విషయం.

మారదామంటే ఎక్కడ చిక్కు?

గడువు తీరితే ఓపెన్ సోర్స్ సర్వర్‌కు మారవచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. 2000 దశకంలో రాసిన ప్రభుత్వ అప్లికేషన్లకు ఇది చెప్పినంత సులువు కాదు. ఆనాటి పేజీలు అనేకం ఏఎస్‌పీలోనో, 2002లో వచ్చిన ఏఎస్‌పీ డాట్‌నెట్ వెబ్ ఫారాల్లోనో రాసినవి. ఇవి విండోస్‌లోని అంతర్గత భాగాలను నేరుగా పిలుస్తాయి. ఆ భాగాలు లినక్స్‌లో ఉండవు.

ఈ విషయంలో మైక్రోసాఫ్ట్ వైఖరిలో మార్పు వచ్చిన మాట నిజం. ఆ మార్పు కాలంలో సంస్థ పగ్గాలు తెలుగువారి చేతిలో ఉండటం విశేషం. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2011 నుంచి సర్వర్ అండ్ టూల్స్ విభాగానికి నేతృత్వం వహించి, 2014 ఫిబ్రవరిలో సీఈవో అయ్యారు. అదే ఏడాది నవంబరులో డాట్‌నెట్ కోర్‌ను ఓపెన్ సోర్స్‌గా విడుదల చేస్తున్నట్టు సంస్థ ప్రకటించింది. 2016 జూన్‌లో వచ్చిన దాని తొలి రూపం లినక్స్‌పై కూడా నడుస్తుంది. అయితే వెబ్ ఫారాలకు అందులో చోటు కల్పించలేదు. పాత పేజీలను తిరిగి రాయక తప్పదు. కొత్తగా రాసే వారికి తలుపు తెరుచుకుంది, పాత ఇంట్లో ఉన్నవారికి కాదు.

చిన్నవిగా కనిపించే తేడాలు కూడా తరలింపును కుంటుపరుస్తాయి. ఫైలు పేరులో పెద్ద అక్షరానికీ, చిన్న అక్షరానికీ విండోస్ తేడా పాటించదు. లినక్స్ పాటిస్తుంది. ఇరవై ఏళ్లుగా ఇష్టానుసారం పేర్లు పెట్టిన వేలాది లింకులు తరలించిన మర్నాడే పనిచేయకుండా పోతాయి. ఐఐఎస్ అమరికలు ఒక రూపంలో ఉంటే, అపాచీ అమరికలు మరో రూపంలో ఉంటాయి. కార్యాలయ సిబ్బంది విండోస్ ఖాతాతోనే లోపలికి ప్రవేశించే ఏర్పాటు ఉంటే దానిని కొత్తగా నిర్మించాలి. డేటాబేస్‌లో ఆ సంస్థకే చెందిన పదజాలంతో రాసిన ఆదేశాలను వేరే డేటాబేస్‌కు అనుగుణంగా మార్చాలి.

అలాగని కదలకుండా కూర్చునే వీలూ లేదు. టీఎల్ఎస్ 1.0, 1.1 అనే పాత రక్షణ పద్ధతులకు ప్రధాన బ్రౌజర్లు 2020 నుంచి తిలోదకాలు ఇచ్చాయి. వాటిని దాటి రాలేని పాత సర్వర్లలోని పేజీలు కొత్త బ్రౌజర్లలో తెరుచుకోవు. సరికొత్త టీఎల్ఎస్ 1.3 విండోస్ సర్వర్ 2022 నుంచి మాత్రమే లభ్యం.

వినియోగదారుల వైపు చూస్తే పరిస్థితి భిన్నంగా లేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే చూడవలసిందిగా సూచించే ప్రభుత్వ వెబ్‌సైట్లు ఒకనాడు కోకొల్లలు. డిజిటల్ సంతకానికి యాక్టివ్ఎక్స్ అనే అనుబంధాన్ని వాడటం ఇందుకు ఒక కారణం. ఆ బ్రౌజర్‌కు 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ స్వస్తి పలికింది. అలాంటి పాత సైట్లు తెరవడానికి ఎడ్జ్ బ్రౌజర్‌లోని ప్రత్యేక ఏర్పాటే దిక్కు. దానిని కనీసం 2029 వరకు కొనసాగిస్తామని సంస్థ హామీ ఇచ్చింది.

తెలుగు సమాచారానికి మరో చిక్కు అదనం. యూనికోడ్ వాడుకలోకి రాకముందు అను వంటి ఫాంట్లలో టైపు చేసిన పేర్లు, చిరునామాలు కంప్యూటరు దృష్టిలో తెలుగు అక్షరాలు కావు. ఫాంటు తొలగిస్తే అర్థం లేని గుర్తులుగా మిగులుతాయి. సర్వర్ మార్చే ముందు వీటిని యూనికోడ్‌లోకి మార్చి, పేరు పేరునా సరిచూడాలి. ఒత్తు తప్పినా, దీర్ఘం తప్పినా పట్టాదారు పేరే మారిపోతుంది. ఆ తప్పు దిద్దించుకునేందుకు కార్యాలయాల చుట్టూ తిరిగేది రైతే.

చట్టం ఇస్తున్నదేమిటి?

భారత కాపీరైటు చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా పరిగణిస్తోంది. సెక్షన్ 52(1) కింద చట్టబద్ధంగా ప్రోగ్రాము కలిగి ఉన్న వారికి కొన్ని మినహాయింపులున్నాయి. ఏ ప్రయోజనం కోసం ఇచ్చారో ఆ ప్రయోజనానికి వాడుకునేందుకు నకలు తీయవచ్చు, అనుసరణ చేసుకోవచ్చు. నష్టం నుంచి తాత్కాలిక రక్షణగా బ్యాకప్ ఉంచుకోవచ్చు. ప్రోగ్రాము పనితీరును గమనించి, పరీక్షించి, దాని వెనుక ఉన్న భావాలను తెలుసుకోవచ్చు.

వీటన్నిటిలో కీలకమైనది 52(1)(ఎబి). స్వతంత్రంగా తయారైన వేరే ప్రోగ్రాము ఈ ప్రోగ్రాముతో కలిసి పనిచేసేందుకు అత్యవసరమైన సమాచారం రాబట్టడానికి ఏ చర్య తీసుకున్నా అది ఉల్లంఘన కాదని ఈ నిబంధన చెబుతోంది. అయితే ఆ సమాచారం మరో విధంగా సులభంగా దొరకనిదై ఉండాలి. 2012 సవరణతో వచ్చిన సెక్షన్ 65ఎ సాంకేతిక తాళాలను ఛేదించడాన్ని శిక్షార్హం చేసినా, చట్టం నిషేధించని ప్రయోజనాలకు వెసులుబాటు ఉంచింది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఈ హక్కుకు విరుద్ధంగా లైసెన్సులో షరతు రాస్తే అది చెల్లదని మన చట్టం ప్రత్యేకంగా ప్రకటించలేదు. ఐరోపా సంఘం 2009 నాటి సాఫ్ట్‌వేర్ నిర్దేశంలో అలాంటి షరతులు చెల్లవని విస్పష్టంగా పేర్కొంది. ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల మన దగ్గర లైసెన్సు షరతుకూ, చట్టం ఇచ్చిన మినహాయింపునకూ మధ్య వివాదం వస్తే న్యాయస్థానమే తేల్చాలి. ఏళ్ల తరబడి వ్యాజ్యం నడపగల జిల్లా కార్యాలయం ఎక్కడుంది?

మరో అంశం మరువరాదు. మినహాయింపులన్నీ చట్టబద్ధంగా పొందిన ప్రతికే వర్తిస్తాయి. నకలు ప్రతి అని తెలిసీ కంప్యూటర్‌పై వాడితే సెక్షన్ 63బి కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. లాభార్జనకు వాడలేదని రుజువైతే జైలు లేకుండా రూ.50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే విచక్షణ న్యాయస్థానానికి ఉంది. మండల కేంద్రాల్లోని సేవా కేంద్రాలు, ప్రైవేటు ఆస్పత్రులు, కళాశాలలు గ్రహించాల్సిన నిబంధన ఇది.

అప్లికేషన్ యజమాని ఎవరు?

వెబ్ సర్వర్ సంగతి అటుంచితే, దానిపై నడిచే అప్లికేషన్ ఎవరి సొత్తు? ఉద్యోగి విధి నిర్వహణలో రాసిన ప్రోగ్రాముకు, వేరే ఒప్పందం లేనిపక్షంలో, తొలి యజమాని సంస్థే అని సెక్షన్ 17(సి) చెబుతోంది. ప్రభుత్వ ఆదేశం లేదా అదుపు కింద తయారైన రచనకు, వేరే ఒప్పందం లేకుంటే, ప్రభుత్వమే తొలి యజమాని అని 17(డి) చెబుతోంది. రెండింటిలోనూ 'వేరే ఒప్పందం లేకుంటే' అన్నదే ప్రాణం. గుత్తేదారు సంస్థ తన హక్కులు తనకే ఉంచుకునేలా ఒప్పందం రాయించుకుంటే చట్టం దానినే మన్నిస్తుంది.

హక్కుల బదలాయింపు రాతపూర్వకంగానే జరగాలని సెక్షన్ 19 శాసిస్తోంది. ఎంతకాలానికి బదలాయించారో పత్రంలో పేర్కొనకపోతే అయిదేళ్లకే అని, ఏ ప్రాంతానికో పేర్కొనకపోతే భారతదేశానికే అని భావించాలి. 'సర్వహక్కులు బదలాయించడమైనది' అన్న ఒక్క మాటతో శాశ్వత హక్కు వచ్చిందని నమ్మిన కార్యాలయం ఆరో ఏడు చిక్కుల్లో పడవచ్చు.

యాజమాన్యం విషయంలో స్పష్టత లేకుంటే ఎంతటి ప్రసిద్ధ సాఫ్ట్‌వేరైనా వివాదంలో పడుతుందనేందుకు ఇంజిన్‌ఎక్స్ నిదర్శనం. రష్యాలోని రాంబ్లర్ సంస్థలో ఉద్యోగిగా ఉన్న ఇగోర్ సిసోయెవ్ 2002లో దీనిని రాయడం మొదలుపెట్టి 2004లో బహిరంగపరిచారు. 2011లో దీని పేరిట సంస్థ ఏర్పడింది. అమెరికాకు చెందిన ఎఫ్5 దానిని 67 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2019 మార్చిలో ప్రకటించింది. తమ ఉద్యోగి రాసినది తమదేనన్న రాంబ్లర్ ఫిర్యాదుతో అదే ఏడాది డిసెంబరులో మాస్కోలోని ఇంజిన్‌ఎక్స్ కార్యాలయంపై పోలీసుల సోదాలు జరిగాయి. 2020లో వివాదం అమెరికా న్యాయస్థానానికి చేరింది. అయినా దీనిపై ఆధారపడిన వెబ్‌సైట్లు ఆగలేదు. సోర్స్ కోడ్ ఉదారమైన లైసెన్సుతో లోకం చేతిలో ఉండటమే కారణం. 2022లో ఎఫ్5 రష్యా నుంచి వైదొలగగా, పాత నిపుణులు కొందరు యాంజీ పేరిట అదే కోడ్ ఆధారంగా వేరే సర్వర్ రూపొందించారు. యజమానుల మధ్య తగవు వచ్చినా వాడకందారు రోడ్డున పడకపోవడమే ఇక్కడి పాఠం. అదనపు సౌకర్యాలతో అమ్మే ఇంజిన్‌ఎక్స్ ప్లస్ వాడకందారులకు ఈ భరోసా లేదు. ఆ రూపం ఎఫ్5 సంస్థ లైసెన్సుకే కట్టుబడి ఉంటుంది.

ధరణి నుంచి భూభారతికి

యాజమాన్యం, నిర్వహణ వేరైనప్పుడు ఏమవుతుందో తెలంగాణ రైతులకు తెలియనిది కాదు. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్ నిర్వహణ ప్రైవేటు సంస్థ చేతిలో ఉండేది. దానిని కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌కు అప్పగించాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి పోర్టల్ ప్రారంభమైంది. నారాయణపేట, కామారెడ్డి, ములుగు, ఖమ్మం జిల్లాల్లో ఒక్కో మండలాన్ని ప్రయోగాత్మకంగా ఎంచుకున్నారు. రాజకీయ వాదోపవాదాలు ఎలా ఉన్నా ఇలాంటి ప్రతి మార్పిడిలో తలెత్తే ప్రశ్నలు ఒక్కటే. సోర్స్ కోడ్ సంపూర్ణంగా చేతికి వచ్చిందా? డేటా ఏ రూపంలో వచ్చింది? పాత అప్లికేషన్‌ను కొత్త నిర్వాహకులు వేరే సర్వర్‌పై అలాగే నిలబెట్టగలరా?

ఆంధ్రప్రదేశ్‌కూ ఇది కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ 1998లో మొదలైంది. మీసేవ 2011లో వచ్చింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైనప్పుడు అధికారులు, ఆస్తులతో పాటు డేటాను కూడా పంచవలసి వచ్చింది. ఆస్తిని కొలిచి పంచవచ్చు. ఒక్క సాఫ్ట్‌వేర్‌లో అల్లుకుపోయిన రికార్డులను విడదీయాలంటే ఆ సాఫ్ట్‌వేర్ లోపలి అమరిక తెలియాలి.

ఐరోపా పాఠం

లోపలి అమరికను బయటపెట్టించడం ఒక ప్రభుత్వానికి సాధ్యమేనా? ఐరోపా సంఘం సాధ్యమేనని నిరూపించింది. విండోస్ కంప్యూటర్లతో తమ సర్వర్లు కలిసి పనిచేసేందుకు అవసరమైన సమాచారం ఇవ్వడం లేదని సన్ మైక్రోసిస్టమ్స్ 1998లో ఫిర్యాదు చేసింది. ఐరోపా కమిషన్ 2004 మార్చి 24న మైక్రోసాఫ్ట్‌కు 49.72 కోట్ల యూరోల జరిమానా విధించి, సమాచారం వెల్లడించాలని ఆదేశించింది. ఆదేశం పాటించలేదంటూ 2006లో 28.05 కోట్లు, 2008లో 89.9 కోట్ల యూరోలు అదనంగా విధించింది. చివరి మొత్తాన్ని న్యాయస్థానం 2012లో 86 కోట్లకు తగ్గించింది. 2004 నాటి నిర్ణయంలోని ప్రధాన భాగాన్ని ఐరోపా న్యాయస్థానం 2007 సెప్టెంబరు 17న సమర్థించింది.

ఫలితం ఏమిటి? అదే ఏడాది డిసెంబరులో సాంబా అనే ఓపెన్ సోర్స్ సర్వర్ నిపుణులకు ఆ సాంకేతిక పత్రాలు 10 వేల యూరోల ఒకేసారి రుసుముతో అందాయి. ఫిర్యాదు నుంచి పత్రాల దాకా తొమ్మిదేళ్లు పట్టింది. సర్వర్ల రంగంలో తొమ్మిదేళ్లంటే ఒక తరం. హక్కు గెలిచేలోగా మార్కెట్ చాలావరకు ఒకే చేతిలోకి వెళ్లిపోయింది. దావా వేసి హక్కు సాధించడం కంటే కొనేటప్పుడే రాయించుకోవడం ఎంత చవకో దీన్నిబట్టి అర్థమవుతోంది.

ఆగితే ఏం చేయాలి?

లైసెన్సుకు పూర్తి సొమ్ము చెల్లించినా సేవ ఆగిపోవచ్చని 2025 జులైలో నయారా ఎనర్జీ ఉదంతం దేశానికి తెలియజెప్పింది. రష్యాపై ఐరోపా సంఘం విధించిన ఆంక్షల జాబితాలో ఈ భారతీయ చమురు శుద్ధి సంస్థ చేరింది. దరిమిలా మైక్రోసాఫ్ట్ తన సేవలను నిలిపివేసింది. సొమ్ము చెల్లించి పొందిన లైసెన్సులు ఉన్నా తమ డేటాయే తమకు అందకుండా పోయిందంటూ నయారా ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. రోజుల వ్యవధిలో సేవలు తిరిగి మొదలయ్యాయి. ఇది ఈమెయిల్ తదితర క్లౌడ్ సేవలకు సంబంధించినదే అయినా సర్వర్ సాఫ్ట్‌వేర్ కొనే వారందరికీ హెచ్చరికే. భారతదేశంలో నేరం, న్యాయస్థానం ఆదేశం ఏదీ లేకుండానే, పరదేశ నిర్ణయంతో ఇక్కడి సంస్థ పని స్తంభించింది. పెద్ద సంస్థ కాబట్టి హైకోర్టుకు వెళ్లగలిగింది. పురపాలక సంఘానికో, సహకార బ్యాంకుకో ఆ శక్తి ఉంటుందా?

స్వదేశీ సంస్థ నుంచి కొంటే సమస్య తీరుతుందన్న భావన కూడా పాక్షిక సత్యమే. పరదేశ ఆంక్షల భయం తగ్గవచ్చు. సోర్స్ కోడ్ చేతిలో లేకుంటే, డేటా బహిరంగ ప్రమాణాల్లో లేకుంటే మాత్రం యజమాని ఏ దేశస్థుడైనా బంధం బంధమే.

కాగితంపై విధానాలు

కేంద్ర ప్రభుత్వం ఈ ప్రమాదాన్ని గుర్తించకపోలేదు. ఈ-పాలనలో బహిరంగ ప్రమాణాలు పాటించాలని 2010 నవంబరులో విధానం ప్రకటించింది. ప్రభుత్వ వ్యవస్థలకు ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని, టెండరు పిలిచేటప్పుడు దానిని పరిశీలించాలని, కాదంటే కారణం రాయాలని 2015లో నిర్దేశించింది. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను ఇతర ప్రభుత్వ విభాగాలు తిరిగి వాడుకునేలా తెరిచి ఉంచాలన్న విధానమూ అదే ఏడాది వచ్చింది. ఇవి విధానాలే తప్ప చట్టాలు కావు. రాష్ట్రాలు, స్థానిక సంస్థలు తమంతట తాము పాటిస్తేనే ఫలితం. జిల్లా స్థాయి కొనుగోళ్లలో టెండరు పత్రాన్ని తయారుచేసే గుమస్తా బల్ల దాకా ఈ విధానం చేరినప్పుడే దానికి విలువ.

ఒప్పందంలో ఉండాల్సినవి

చట్టాన్నీ, గత అనుభవాలనూ కలిపి చూస్తే ప్రతి కార్యాలయమూ కొనుగోలుకు ముందే రాయించుకోవాల్సిన అంశాలు తేటతెల్లమవుతాయి.

* అప్లికేషన్ కాపీరైటు ఎవరికి చెందుతుందో, బదలాయింపు ఎన్నేళ్లకో, ఏ ప్రాంతానికో స్పష్టంగా పేర్కొనాలి. కాలం రాయకుంటే అయిదేళ్లే.

* ప్రతి సవరణ తరువాత సోర్స్ కోడ్‌ను, నడిపే విధాన పత్రాలను కార్యాలయానికి అప్పగించాలి. ఆ కోడ్‌తో కొత్త యంత్రంపై అప్లికేషన్ నిలబడుతుందో లేదో ఏటా ఒకసారి పరీక్షించాలి. పరీక్షించని కోడ్ ఉన్నా లేనట్టే.

* డేటాను యూనికోడ్‌లో, బహిరంగ ప్రమాణాల రూపంలో అదనపు రుసుము లేకుండా తిరిగి ఇవ్వాలి.

* వేరే ప్రోగ్రాములతో అనుసంధానం కోసం 52(1)(ఎబి) ఇచ్చిన హక్కును ఏ షరతూ హరించదని ఒక వాక్యం చేర్చాలి. చట్టంలో లేని ఆ వాక్యాన్ని ఒప్పందంలోనైనా ఉంచుకోవచ్చు.

* వెబ్ సర్వర్‌కు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు ముగిసే తేదీలను ఒప్పందంలోనే నమోదు చేసి, అంతకు రెండేళ్ల ముందే తరలింపు ఖర్చును బడ్జెట్‌లో చూపాలి.

* ఒక్క బ్రౌజర్‌కే పరిమితమైన పేజీలను స్వీకరించరాదు.

* గుత్తేదారు మారితే కనీసం కొన్ని నెలలు పాత సంస్థ సహకరించాలి. అప్పటివరకు తుది బిల్లులో కొంత నిలిపి ఉంచాలి.

వీటిలో ఏ ఒక్కటీ ఖరీదైనది కాదు. టెండరు పత్రంలో అరపేజీ చాలు. అందులో లేకుంటే తరువాత న్యాయస్థానంలోనో, కొత్త లైసెన్సు రుసుములోనో, అప్లికేషన్‌ను మొదటి నుంచీ రాయించడంలోనో మూల్యం చెల్లించక తప్పదు.

విండోస్ సర్వర్ 2012, 2016లపై నేటికీ ఆధారపడిన సంస్థలు ముందుగా చేయాల్సింది తమ దగ్గర ఏముందో జాబితా రాసుకోవడం. ఏ యంత్రంపై ఏ సర్వర్ ఉంది, దాని గడువు ఎప్పుడు, దానిపై నడిచే అప్లికేషన్ హక్కు ఎవరిది, సోర్స్ కోడ్ ఎక్కడుంది... ఈ నాలుగు గడులు నింపలేని కార్యాలయానికి తన సర్వర్‌పై ఉన్నది హక్కు కాదు, అద్దె మాత్రమే. జిల్లా యంత్రాంగాలు, పురపాలక సంఘాలు ఆ జాబితాను ఇప్పుడే సిద్ధం చేసుకుంటే గడువు తేదీ నాటికి తమకు నచ్చిన దారి ఎంచుకునే వీలుంటుంది. లేకుంటే ఆ దారిని అమ్మిన సంస్థే నిర్ణయిస్తుంది.